హైదరాబాదు పోలీసు ఫుట్‌బాలు జట్టు

గత సంవత్సరమున ఒక విద్యార్థి తండ్రిగారు మా యొద్దకు వచ్చి, "బంతి తన్నితే కూడు వచ్చునా అయ్యవారూ? మావానిని సాయంకాలము తిన్నగా ఇంటికి పంపుడు" అని కోరిరి. వానలు తప్పిన యేట ఇంటిలో ప్రతి చేయియు కావలసియుండును గనుక వారి మాటను మేము త్రోసివేయజాలకపోతిమి. ఆనాడు చెప్పజాలని యుత్తరమును ఇచట వ్రాయుచున్నాము.

ఇంగ్లండు దేశమున నేడు ప్రసిద్ధికెక్కిన ఫుట్‌బాలు జట్లు కొన్ని మిక్కిలి సామాన్యుల నడుమ పుట్టినవి. మాంచెస్టరు యునైటెడు జట్టును 1878లో న్యూటన్ హీత్ రైలు కార్ఖానా పనివారు కూర్చుకొనిరి. సౌతాంప్టను జట్టు 1885లో ఒక దేవాలయపు యువజన సంఘమున పుట్టినది. రైలు జంక్షనున పెరిగిన మన డోను బాలురకు ఈ సంగతి వింతగా తోచదు. అట్లే మన హైదరాబాదులో నగర పోలీసు శాఖవారి నడుమ ఒక గొప్ప జట్టు పెరిగెను.

బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును ఈ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచెను. 1950లోనే డ్యూరాండు కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాను జట్టుతో మొదట సరిసమానముగా నిలిచి, మరల ఆడి ఓడించెను. ఆ కప్పు 1954లోను 1957లోను మరల వీరికే దక్కెను.

ఈ విజయములకు మూలపురుషుడు పోలీసు ఉద్యోగి కాడు, బడిపంతులు! 1909లో హైదరాబాదున జన్మించిన సయ్యదు అబ్దుల్ రహీముగారు పాఠశాలలలో బోధించుచు, పిదప వ్యాయామ విద్యలో శిక్షణ పొందిరి. పాఠము చెప్పు పద్ధతినే వారు ఆటకును తెచ్చిరని మాకు తోచుచున్నది. బంతిని తానొక్కడే కాలియొద్ద నుంచుకొని నలుగురిని తప్పించుకొనిపోవుట చూచువారికి వినోదమే. కాని ఎంత వేగముగలవాడైనను పరుగులో బంతిని మించలేడు. కావున తోడివానికి వెంటనే అందించుట నేర్పవలెను. ఇందుకై రహీముగారు బంతిని అట్లు వెంట తీసికొనిపోవుట నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలసిన పోటీలను ఏర్పరచిరి. ఇది వినుటకు సులభము. కుడికాలి వానిని ఎడమకాలితో ఆడుమన్నచో వాని ముఖమెట్లుండునో ఉపాధ్యాయులెల్లరెరుగుదురు.

భారత జట్టునకును వారే శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణపతకము లభించెను. మరుసటి యేట హెల్సింకీలో పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేత పది గోళ్లు తిని ఒక్కటి మాత్రమే వేయగలిగిరి. తరువాత బూట్లు తప్పనిసరియయ్యెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు మనవారు ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో ఓడించి నాలుగవ స్థానమున నిలిచిరి. హైదరాబాదు ఆటగాండ్రు నూర్ మహమ్మదు, అజీజుద్దీను, బలరాము మొదలగువారు అందులో నుండిరి.

1962లో జకార్తాకు పోవునాటికి రహీముగారు క్యాన్సరుతో బాధపడుచుండిరి. వెనుక నిలిచి కాపాడు జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడగా, రహీముగారు వానిని ముందువరుసలో నిలిపిరి. దక్షిణ కొరియాపై 2-1 గోళ్లతో గెలిచిన తుదిపోటీలో ఆ కట్టుతల వాడే ఒక గోలు వేసెను. మరుసటి సంవత్సరము జూన్ 11వ తేదీన రహీముగారు మరణించిరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము భారతదేశమునకు మరల రాలేదు. పోలీసు జట్టు సైతము క్రమక్రమముగా వెనుకబడెను. రోవర్సు కప్పు పోటీయు ఇప్పుడు లేదు.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. ఆ జట్టువారికి పోలీసు ఉద్యోగము కూడు పెట్టినది; ఆ యుద్యోగము పలువురికి ఆటవలన దొరకినది. ఐనను పదునొకండుగురిని ఎన్నుకొన్నచోట వెనుదిరిగినవారు ఎందరో యుందురు. కావున మీవానికి ఆట కూడు పెట్టునని మేము మాట ఈయజాలము. వారమునకు రెండు సాయంకాలములు మాత్రము మాకు విడువుడని వేడుచున్నాము. వాని కుడికాలు చక్కనిది. ఎడమకాలు ఇంకను బంతిని తాకుటకే జంకుచున్నది.