జాంగోతో మన తొలి వెబ్ పేజీ

బ్రౌజర్ అడగ్గానే పేజీ మొత్తాన్ని సర్వరే తయారుచేసి పంపే వెబ్‌సైట్లు కట్టాలంటే జాంగోతో మొదలుపెట్టడం మేలు. ఈ పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అమెరికాలోని కాన్సస్‌లో ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందింది. వార్తాపత్రిక గడువుల మధ్య తయారైంది కాబట్టే లాగిన్, అడ్మిన్ పేజీల వంటివి అందులో సిద్ధంగా ఉంటాయి. ఇంట్లోని పుస్తకాల జాబితా చూపే పేజీ ఒకటి చేద్దాం.

కావలసినవి

పైథాన్ 3 ఉన్న కంప్యూటర్, కోడ్ ఎడిటర్, ఇంటర్నెట్. పైథాన్‌లో ఫంక్షన్, లిస్ట్ రాయడం వస్తే చాలు. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

చేసే తీరు

1. ఖాళీ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి ‘పైథాన్ -ఎం వెన్వ్ ఎన్వ్’ కొడదాం. దీంతో ఈ ప్రాజెక్టుకే విడిగా ‘ఎన్వ్’ అనే పైథాన్ వాతావరణం తయారవుతుంది. దాన్ని యాక్టివేట్ చేయడానికి విండోస్‌లో ‘ఎన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్’, లినక్స్, మ్యాక్‌లలో ‘సోర్స్ ఎన్వ్/బిన్/యాక్టివేట్’. లైను మొదట్లో ‘ఎన్వ్’ కనిపించేదాకా ముందుకు వెళ్లొద్దు.

2. ‘పిప్ ఇన్‌స్టాల్ జాంగో’. అది ముగిశాక ‘జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్ మైసైట్ .’ చివర ఖాళీ వదిలి పెట్టిన చుక్కను మరవకండి. అది లేకపోతే ఫోల్డర్‌లో ఫోల్డర్ పుట్టి తికమక పెడుతుంది.

3. ‘పైథాన్ మేనేజ్.పీవై రన్‌సర్వర్’. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8000 తెరిస్తే రాకెట్ బొమ్మ వస్తుంది. టెర్మినల్‌లో మైగ్రేషన్ల గురించి ఎర్రటి హెచ్చరిక కనిపించినా కంగారు పడొద్దు, దాని సంగతి చివర్లో చూద్దాం.

4. రెండో టెర్మినల్ తెరిచి, అందులోనూ ఎన్వ్‌ని యాక్టివేట్ చేసి, ‘పైథాన్ మేనేజ్.పీవై స్టార్ట్‌యాప్ బుక్స్’. వెంటనే సెట్టింగ్స్ ఫైల్లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో కోట్స్ మధ్య ‘బుక్స్’ చేర్చి, పక్కన కామా పెడదాం. అదే ఫైల్లో భాష కోడ్‌ను ‘టీఈ’గా మారిస్తే అడ్మిన్ పేజీల్లో చాలా మాటలు తెలుగులో కనిపిస్తాయి.

5. బుక్స్‌లోని వ్యూస్ ఫైల్లో ఒక ఫంక్షన్ రాద్దాం. మూడు పుస్తకాల పేర్లు లిస్ట్‌లో పెట్టి, ‘రెండర్’ ద్వారా ‘బుక్స్/లిస్ట్.హెచ్‌టీఎంఎల్’కి అందించాలి.

6. ఆ టెంప్లేట్‌ను బుక్స్ యాప్‌లో ‘టెంప్లేట్స్/బుక్స్’ అనే ఫోల్డర్లో పెడదాం. బుక్స్ రెండుసార్లు ఎందుకంటే, జాంగో అన్ని యాప్‌ల టెంప్లేట్ ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. రెండు యాప్‌లలో ఒకే పేరున్న ఫైలుంటే ముందు దొరికినదాన్నే తీసుకుంటుంది. లోపలి ఫోల్డర్ ఆ గొడవను తప్పిస్తుంది. ఫైల్లో ఫర్ లూప్‌తో పేర్లు చూపిద్దాం; ‘ఎండ్‌ఫర్’తో ముగించాలి.

7. మైసైట్‌లోని యూఆర్ఎల్స్ ఫైల్లో మన వ్యూని ఇంపోర్ట్ చేసి, ఖాళీ చిరునామాకు జతచేద్దాం. బ్రౌజర్ రిఫ్రెష్ చేస్తే రాకెట్ పోయి మన జాబితా వస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగి పేర్లు మార్చి చూడండి. చిరునామా, వ్యూ, టెంప్లేట్ అనే ఈ దారి చేతికి అలవాటయ్యాకే డేటాబేస్ జోలికి వెళ్దాం.

జరిగే పొరపాట్లు

‘టెంప్లేట్ డస్ నాట్ ఎగ్జిస్ట్’ అని వస్తే ముందు ఇన్‌స్టాల్డ్ యాప్స్, తర్వాత ఫోల్డర్ స్పెల్లింగ్ చూడండి. పసుపు రంగు ఎర్రర్ పేజీని మూసేయకండి, ఏ ఫైల్లో ఏ లైనో అందులోనే ఉంటుంది.

ప్రాజెక్టుకు ‘జాంగో’ అనీ ‘టెస్ట్’ అనీ పేరు పెట్టొద్దు. ఆ పేర్లతో మాడ్యూళ్లు ముందే ఉన్నాయి.

పోస్ట్ పద్ధతి ఫారంలో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని చూపే గుర్తు) మరిచిపోతే 403 ఎర్రర్ వస్తుంది. నలుగురూ చూసేలా సర్వర్‌పై పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లోని డీబగ్‌ను ‘ఫాల్స్’ చేయాల్సిందే, లేకుంటే లోపలి వివరాలు బయటపడతాయి.

మోడల్ (డేటాబేస్ పట్టిక ఎలా ఉండాలో చెప్పే పైథాన్ క్లాస్) మార్చాక ‘మేక్‌మైగ్రేషన్స్’తో ఆపేయడం చాలామంది చేసే తప్పు. అది మార్పుల చీటీ రాస్తుందంతే. డేటాబేస్‌లో పట్టికలు మారేది ‘మైగ్రేట్’తోనే. మూడో మెట్టులో చూసిన ఎర్రటి హెచ్చరిక కూడా దానితోనే పోతుంది. అడ్మిన్ పేజీల్లోకి వెళ్లే ఖాతా కోసం ఆ తర్వాతే ‘క్రియేట్‌సూపర్‌యూజర్’. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు. కీబోర్డు పనిచేస్తూనే ఉంటుంది, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.