క్రైస్తవ సిద్ధాంతం తెలుసుకోవాలంటే ఏ పుస్తకం పట్టుకోవాలి?

మొన్నటి వీడియోలో పూర్వపక్షం గురించి మాట్లాడుకున్నాం కదా. ఎదుటివారి వాదాన్ని కాదనే ముందు, "అవును, మేం చెప్పేది ఇదే" అని వాళ్ళే ఒప్పుకునేలా దాన్ని చెప్పగలగాలి. మాధవాచార్యుల పేరున ఉన్న సర్వదర్శన సంగ్రహం మొదలయ్యేదే చార్వాకులతో. దేవుణ్ణే ఒప్పుకోనివాళ్ళ మాట ముందు చెప్పి, తర్వాత బౌద్ధులు, జైనుల దగ్గరికి వెళ్తుంది. మన సంప్రదాయంలో చదువు పద్ధతి అది. ఈ పోస్టులో అదే పద్ధతిలో క్రైస్తవ సిద్ధాంతం, అంటే థియాలజీ, చదవడానికి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. మాది హుస్నాబాద్. ఎల్లమ్మ గుడి, కొత్తకొండ వీరన్న జాతర చూస్తూ పెరిగినవాణ్ణి. హైదరాబాద్‌లో నా రూమ్మేట్ మెదక్ వైపు అబ్బాయి, క్రైస్తవుడు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ, "మీకు ముగ్గురు దేవుళ్ళు కదరా, మళ్ళీ ఒక్కడే అంటరేంది?" అన్నాను. వాడు కోపపడలేదు. "ఏ పుస్తకంల చదివినవ్ రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో చూసిన రెండు నిమిషాల వీడియోలే నా చదువు. "మీకు ముప్పై మూడు కోట్ల దేవుళ్ళట గదా అని ఎవరన్న నవ్వితే నీకెట్లుంటది?" అని కంచం తీసుకుని లేచిపోయాడు. రెండు రోజులు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు.

డాక్యుమెంటేషన్ చదవకుండా బగ్ రిపోర్ట్ రాసేవాణ్ణి చూసి మేం ఆఫీసులో నవ్వుకుంటాం. నేను చేసింది సరిగ్గా అదే.

ఆ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికాను. ప్రార్థన పుస్తకాలు, సాక్ష్యాలు, ప్రసంగాలు, విమర్శలు అన్నీ ఒకే కుప్పలో ఉన్నాయి. ఏది కొనాలో తెలీలేదు. చాలా రోజులకి నాకు అర్థమైంది ఏంటంటే, ఏ పుస్తకాన్నైనా ముందు మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: ఇది ఏ సంఘం వాళ్ళది? క్రైస్తవం ఒకటే ముక్క కాదు. క్యాథలిక్ బైబిల్‌లో 73 పుస్తకాలు ఉంటాయి, ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66. ఆర్థడాక్స్ సంప్రదాయం ఇంకొకటి. ఒకరి మాటని అందరి మాటగా తీసుకోకూడదు.

రెండోది: ఇది ఏ రకం పుస్తకం? మూల గ్రంథమా, పాఠ్యపుస్తకమా, ఒకరి అనుభవమా, లేక వాదనా? సాక్ష్యం చదివితే ఆ మనిషి తెలుస్తాడు, సిద్ధాంతం తెలియదు. భజన పాటల పుస్తకం చదివి అద్వైతం అర్థమైందని అనుకోం కదా.

మూడోది: కష్టమైన చోట ఏం చేస్తుంది? దీనికి నా టెస్ట్ కేస్ త్రిత్వం. ఆ అధ్యాయం తెరిచి చూడండి. క్రీ.శ. 325లో నికేయా సభ, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దీని గురించే ఎంతో మథనపడ్డాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ వేరువేరు, కానీ దైవసారం ఒక్కటే అన్నది అక్కడ తేలిన మాట. ఈ సభల ఊసే లేకుండా "ముగ్గురు దేవుళ్ళు" అని రెండు వాక్యాల్లో తేల్చేస్తే, ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.

ఇక వరుస. ముందు మార్కు సువార్త చదవండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. తర్వాత మత్తయి 5 నుంచి 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం. గాంధీగారు పాత నిబంధన చదవబోతే నిద్ర వచ్చిందని, ఈ ప్రసంగం మాత్రం నేరుగా మనసుకి తాకిందని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తర్వాత యోహాను మొదటి అధ్యాయం, పౌలు రోమీయులకు రాసిన పత్రిక. వీటితో పాటు నికేయా విశ్వాస ప్రమాణం, ఒక్క పేజీ.

పాఠ్యపుస్తకం కావాలంటే అలిస్టర్ మెక్‌గ్రాత్ రాసిన "క్రిస్టియన్ థియాలజీ: యాన్ ఇంట్రడక్షన్" ఉంది. 1993లో మొదటిసారి వచ్చింది. ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో వివరంగా చెబుతుంది. అక్వినాస్ "సుమ్మా"తో మాత్రం మొదలుపెట్టకండి. అది మెట్లెక్కాక కనిపించే కొండ.

మన దేశం వైపు చూడాలంటే రాబిన్ బాయిడ్ 1969లో రాసిన "యాన్ ఇంట్రడక్షన్ టు ఇండియన్ క్రిస్టియన్ థియాలజీ" చదవండి. త్రిత్వాన్ని సచ్చిదానందంగా వివరించిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ అందులో కనిపిస్తారు. మన తెలుగువారు, న్యాయమూర్తి పి. చెంచయ్య కూడా ఉంటారు. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. దానికోసం హెండ్రిక్ క్రేమర్ రాసిన పుస్తకానికి చెంచయ్య, ఆయన మిత్రులు "రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా"తో జవాబిచ్చారు. హిందూ వారసత్వాన్ని వదిలేయక్కర్లేదన్నది చెంచయ్య పట్టు. అంటే వాళ్ళలోనూ వాదాలున్నాయి. అది తెలిస్తే "క్రైస్తవులంతా ఇలాగే అంటారు" అనే మాట మన నోట రాదు.

నా టేబుల్ మీద బైబిల్ చూసి మా అమ్మ భయపడింది. "ఏమైందిరా నీకు, మతం మారుతున్నవా?" అంది. ఆమెకి రాజా రామమోహన్ రాయ్ కథ చెప్పాను. ఆయన 1820లో యేసు బోధలు సంకలనం చేశారు. దాని మీద సెరంపూర్ మిషనరీలతో వాదం వస్తే, మూల భాషల్లో చదివి మరీ జవాబిచ్చారు. ఆయన క్రైస్తవుడు కాలేదు. "అయితే సరే, దీపం పెట్టినంక చదువుకో" అంది అమ్మ.

నేనూ మారలేదు. కానీ మా ఇద్దరికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు సూటిగా తెలుసు. వాళ్ళకి దేవుడు మనిషిగా వచ్చింది ఒక్కసారే, మనకి అవతారాలు అనేకం. మొన్న మళ్ళీ అన్నం దగ్గర త్రిత్వం గురించి నాకు అర్థమైనంత చెప్పాను. వాడు మొత్తం విని, "ఇప్పుడు కరెక్ట్ చెప్పినవ్ రా. ఇగ అడుగు నీ ప్రశ్న" అన్నాడు.

పూర్వపక్షం అంటే అదే. వచ్చే వారం అవతార తత్త్వం మీద వీడియోలో కలుద్దాం. శుభం!