ఏరిన బుడ్డలు ఎక్కడికి పోతున్నాయి?

కర్నూలు పక్క బుడ్డలు అంటాం. కడప పక్క శెనక్కాయలు అంటారు. పుస్తకాల్లో వేరుశనగ అని రాస్తారు. ఏ పేరుతో పిలిచినా పంట ఒకటే.

ఒకరోజు రాత్రి బడిలో ఒక అక్క అడిగింది.

"సారూ, విత్తనానికి బుడ్డలు వలిచినాం. మంచివి ఒక పక్క పెట్టినాం. బూజు పట్టినవి, ముడుచుకున్నవి చాటెడు అయినాయి. పారేయడానికి మనసు రాలేదు. ఎనుముకు పెడితే ఏమవుతుంది?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుసుకుని మరుసటి వారం చెప్పాను.

"పెట్టొద్దక్కా. ఆ ఎనుము పాలు తాగేది నీ బిడ్డే కదా!"

ఎందుకో చదవండి.

నేలలో ఒక రకం బూజు ఉంటుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి మాదిరి కనిపిస్తుంది. అది గింజలో చేరి ఒక విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. పెద్ద మాట. విడదీసి చదవండి: అ - ఫ్లా - టాక్సిన్.

1960లో ఇంగ్లాండు దేశంలో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. మొదట కారణం ఎవరికీ తెలియలేదు. చివరికి దాణాను పరీక్షించారు. అందులో బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్క ఉంది. ఈ విషం అప్పుడే బయటపడింది.

మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. వారికి కామెర్లు వచ్చాయి, కడుపు ఉబ్బింది. అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. ఈ విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. కొంచెం కొంచెంగా ఏండ్ల తరబడి తిన్నా కాలేయానికి క్యాన్సరు రావచ్చు.

అక్కడ వాన ఎక్కువై బూజు వచ్చింది. మనకు వాన లేక వస్తుంది! కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తుంది. నేల కాలుతుంది, చెట్టు వాడుతుంది. అప్పుడు బూజు నేలలోనే కాయలోకి దూరుతుంది. పురుగు కొట్టిన కాయలోకి, గుంటక తగిలిన కాయలోకి ఇంకా తేలికగా పోతుంది. పంట పీకినాక నేలలో మిగిలిన కాయలను తర్వాత పరిగె ఏరుకుంటారు కదా. వాటిలోనూ ఈ విషం ఎక్కువ ఉండవచ్చు. పరిగె ఏరుకునేది కూలి ఇండ్లవాళ్లే. అందుకే ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది. కానీ దాచలేను.

ఉడికిస్తే ఈ విషం పోదు. వేయించినా పూర్తిగా పోదు. గానుగ ఆడిస్తే ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క పశువు తింటుంది. విషంలో కొంత పాలలోకి వస్తుంది.

మరి విషం ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? కంటికి తెలియదు. శుభ్రంగా కనిపించే గింజలో కూడా ఉండవచ్చు. పరీక్ష చేయాల్సిందే. మిల్లులో శుద్ధి చేయాల్సిన గింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలో నియమం. అది ఎంత? పది క్వింటాళ్ల పప్పులో సుమారు ఒక బియ్యపు గింజ బరువంత!

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తక్కువ ఖర్చుతో చేసే పరీక్షను తయారు చేశారు. గింజలను పొడి చేసి, మందు నీళ్లలో కలిపి, వడకట్టి, చిన్న చిన్న గుంటలున్న పలకలో పోస్తారు. రంగు తక్కువగా తేలితే విషం ఎక్కువ ఉన్నట్టు.

పరీక్షకు ఒక పిడికెడు ఇస్తే చాలదు. మూటలో వెయ్యి గింజలు బాగుండి, ఒక్క గింజలోనే విషమంతా ఉండవచ్చు. అందుకే ప్రతి మూట నుంచి పైన, నడుమ, అడుగున తీయాలి. అన్నీ కలిపి కొన్ని కిలోలైనా కావాలి. ఒక్క రైతుకు ఖర్చు బరువే. పాల సంఘంవాళ్లు, పొదుపు సంఘంవాళ్లు కలిసి, తాము కొనే చెక్కకు పరీక్ష చేయించుకోవచ్చు. రైతు సేవా కేంద్రంలో, పశువుల డాక్టరు దగ్గర అడగండి.

పీకిన చెట్లను తడి మీద వామి వేయవద్దు. కాయలు పైకి ఉండేటట్టు తిప్పి ఆరబెట్టండి. బాగా ఆరిన కాయను చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. మిషనుకు వేసే ముందు కాయలపై నీళ్లు చల్లడం కొందరికి అలవాటు. అది మానాలి. పరిగె కాయలను మంచి కాయల్లో కలపవద్దు. బూజు కాయలను కోళ్లకు, పశువులకు అందకుండా దూరంగా పూడ్చండి.

ఆ అక్క చాటెడు కాయలను దిబ్బ వెనక గుంత తీసి పూడ్చింది. "మూడు సోలలు పోయె సారూ!" అంది.

పలక మీద రాయండి: బూజు, చెక్క, దాణా, పరిగె, పరీక్ష.

జవాబు చెప్పండి: మీరు పోయిన ఏడు ఏరిన చెడ్డ కాయలను ఏం చేశారు?