చిరాకు పుట్టిన పేజీ దగ్గర ఆగండి

పోయిన నెల మన క్లబ్బు పుస్తక చర్చకి నేను ఎంచిన నవల ‘వుయ్ వర్ లయర్స్’. ఇ. లాక్‌హార్ట్ రాసింది, 2014లో వచ్చింది. మన వయసువాళ్ళ కోసం రాసిన మిస్టరీ. చర్చకి ఎనిమిది మంది వచ్చాం. అయిదుగురు యాభై పేజీలు దాటలేదు. అందరిదీ ఒకటే కారణం: “కథ చెప్పే ఆ పిల్లంటే చిరాకురా బాబూ!”

నిజం చెప్పాలంటే నేనూ ఒకసారి పుస్తకం మూసేశాను. కూర్మన్నపాలెం నుంచి కాలేజీకి వస్తూ, గాజువాకలో బస్సు ఆగిపోయిన పావుగంటలో.

ఆ పిల్ల పేరు కేడెన్స్. అమెరికాలో మసాచుసెట్స్ తీరం దగ్గర సొంత ద్వీపం ఉన్న కుటుంబం. తాతకి ముగ్గురు కూతుళ్ళు, అక్కడ తలా ఒక ఇల్లు. పదిహేనో ఏట వేసవిలో కేడెన్స్‌కి ఏదో ప్రమాదం జరిగింది. ఏం జరిగిందో ఆమెకి గుర్తు లేదు, ఇంట్లోవాళ్ళు చెప్పరు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ ద్వీపానికి వెళ్తుంది. ముగింపు నేను చెప్పను, చదివినవాళ్ళూ చెప్పకండి.

చిరాకు ఎందుకంటే, అంత డబ్బు పెట్టుకుని ఎప్పుడూ తన బాధే. తలనొప్పి గురించి పేజీలకి పేజీలు. మధ్యలో రాజు, ముగ్గురు కూతుళ్ళు అంటూ అవే కథలు తిప్పి తిప్పి చెప్తుంది.

మన ఇళ్ళల్లో మిస్టరీ అంటే కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. వాళ్ళు మనకి నచ్చుతారు, కాబట్టి వాళ్ళ వెనకే నడిచిపోతాం. నచ్చని మనిషి కథ చెప్తుంటే ఎలా నడవాలో మనకి అలవాటు లేదు. రెండోసారి చదివినప్పుడు నేను నేర్చుకున్నవి మూడు.

ఒకటి. నచ్చకపోవడం వేరు, నమ్మలేకపోవడం వేరు. నవల మొదట్లోనే, నాన్న ఇల్లు వదిలి వెళ్తూ తుపాకీ తీసి తన గుండెల్లో కాల్చాడని చెప్తుంది కేడెన్స్. ఆయన కాల్చలేదు. తనకి కలిగిన బాధని జరిగిన సంఘటనలా చెప్పడం ఆమె పద్ధతి. అంటే తన మాట ఎలా చదవాలో మొదట్లోనే మనకి చెప్పేసింది. మనం ‘ఓవరాక్షన్’ అనుకుని పేజీ తిప్పేశాం.

రెండు. చిరాకు వస్తే కళ్ళు గబగబా పరిగెడతాయి. మిస్టరీ రాసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మనం దాటేసే చోటే దాచాల్సింది దాస్తారు. తలనొప్పి పేజీలు, రాజుగారి కూతుళ్ళ కథలు, నేను మొదటిసారి వదిలేసినవి అవే. రెండోసారి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది కూడా వాటి కిందే.

మూడు. ఫలానా చోటే ఎందుకు చిరాకు వచ్చిందో అడగాలి. కథకుణ్ణి కాదు, మనల్ని మనం. ద్వీపానికి వచ్చే పిల్లల్లో గాట్ పాటిల్ అని భారతీయ మూలాలున్న కుర్రాడు ఒకడు ఉంటాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో పనిచేస్తున్నవాళ్ళ పేర్లు కూడా కేడెన్స్‌కి తెలియవని అతను ఎత్తి చూపుతాడు. బస్సులో నేను పుస్తకం మూసింది సరిగ్గా అక్కడే. ‘ఎంత పొగరు!’ అనుకున్నాను.

ఆ రోజు సాయంత్రం క్యాంటీన్‌లో “అక్కా, ఒక టీ” అన్నాను. మూడేళ్ళుగా అంటున్న మాటే. గ్లాసు చేతిలోకి వచ్చాక తట్టింది, ఆ అక్క పేరు నాకు తెలియదు. మనకి అక్కా, అన్నా, బాబాయ్ అన్న పిలుపులు ఉన్నాయి. వరస కలిపి పిలుస్తాం కాబట్టి, పేరు తెలియకపోయినా మనిషి తెలిసినట్టే ఉంటుంది. కేడెన్స్‌కి ఆ సౌకర్యం కూడా లేదు.

ఈ వ్యాసం మొదటి ప్రతిలో ‘మర్నాడే వెళ్ళి పేరు అడిగాను’ అని రాశాను. అబద్ధం. పన్నెండు రోజులు పట్టింది. ఇప్పుడు అడిగితే మూడేళ్ళు అడగలేదని ఒప్పుకున్నట్టే కదా అని సిగ్గు. ఆ పన్నెండు రోజులు ఎత్తేస్తే నేను మీకు మంచివాడిలా కనిపిస్తాను. కథ చెప్పేవాడు ఏం వదిలేశాడో చూడమని మీకు చెప్తూ నేనే వదిలేయబోయాను.

చివరికి అడిగాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“ఏటి బాబూ, టీ బాగోలేదేటి? కంప్లైంట్ ఏటైనా రాస్తారా?”

పేరు అడిగారంటే కంప్లైంటుకే అని ఆమె అనుభవం. కాదని చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. అప్పుడు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తానని ఆమెని అడగలేదు కాబట్టి.

వచ్చే నెల చర్చకి మన ఊరి రచయిత, వృత్తిరీత్యా లాయరు, రావిశాస్త్రి రాసిన ‘అల్పజీవి’ పెడుతున్నాను. అది మిస్టరీ కాదు. సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా కథ. కథ చెప్పేది అతను కాకపోయినా, రచయిత మనల్ని కూర్చోబెట్టేది అతని బుర్రలోనే. ప్రతిదానికీ భయపడతాడు, మీకు తప్పకుండా చిరాకు వస్తుంది. వచ్చిన పేజీ నంబరు రాసుకోండి. పుస్తకం మూసేసినా సరే, ఆ నంబరుతో చర్చకి రండి. మొదలుపెట్టేది అక్కణ్ణించే.