ఆసుపత్రిలో చేరిన రోగికి అదనపు ముప్పు: బ్లాక్ ఫంగస్ లెక్కలతో ఒక పాఠం

ఎం.బి.బి.ఎస్., నర్సింగ్, ఫార్మసీ, స్టాటిస్టిక్స్ - వీటిలో ఏ కోర్సులో చేరిన విద్యార్థికైనా 'రిస్క్ ఫ్యాక్టర్' అనే మాట తొందరలోనే ఎదురవుతుంది. ముప్పును పెంచే అంశం అని దీని అర్థం. ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దలు కలిగిన తల్లిదండ్రులకు కూడా డాక్టరు నోట ఈ మాట వినక తప్పదు. విన్నవారిలో చాలామంది దీనిని 'కారణం' అని అర్థం చేసుకుంటారు. రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియడానికి మన దేశంలోనే, 2021లో మనమందరం చూసిన ఒక జబ్బును ఉదాహరణగా తీసుకుందాం.

కోవిడ్ రెండవ విడత సమయంలో 'బ్లాక్ ఫంగస్' అని పత్రికలు రాసిన జబ్బు అసలు పేరు మ్యూకార్‌మైకోసిస్. ఇది కొత్త జబ్బు కాదు. మన దేశంలో కోవిడ్‌కు ముందు కూడా ఉండేది. దీనిని కలిగించే బూజు జాతులలో మన దగ్గర ఎక్కువగా కనబడేది రైజోపస్. మట్టిలో, కుళ్ళిన ఆకులలో, బూజు పట్టిన రొట్టె మీద ఇది పెరుగుతుంది. దీని సూక్ష్మ బీజాలు గాలిలో తేలుతుంటాయి కనుక మనమందరం తరచు పీలుస్తూనే ఉంటాము. అయినా మనకేమీ కాదు. ఒక మనిషి నుండి మరొక మనిషికి ఇది అంటదు కూడా. బూజు కారణం, ఆ బూజును శరీరంలో పెరగనిచ్చే పరిస్థితి రిస్క్ ఫ్యాక్టర్. ఈ రెండూ కలిసినప్పుడే జబ్బు.

2021 మే 20న కేంద్ర ఆరోగ్యశాఖ, ఈ జబ్బు ఎక్కడ కనబడినా ప్రభుత్వానికి తప్పక తెలియజేసే ఏర్పాటు చేయమని రాష్ట్రాలను కోరింది. జూన్ 28న కేంద్రం చెప్పిన లెక్క ఇది: మొత్తం 40,845 కేసులు, 3,129 మరణాలు. రోగులలో 85.5 శాతం మందికి కోవిడ్ వచ్చి ఉంది. 64.11 శాతం మందికి మధుమేహం ఉంది. 52.69 శాతం మంది స్టెరాయిడ్ మందులు వాడి ఉన్నారు. మన వారు ఎక్కువగా ఉండే మహారాష్ట్రలో కేసులు చాలా ఎక్కువగా వచ్చాయి.

ఈ అంకెలను ఎలా చదవాలి? రోగులలో 64 శాతం మందికి షుగరు ఉంది అంటే, షుగరు ఉన్నవారిలో 64 శాతం మందికి ఈ జబ్బు వస్తుందని కాదు. ఈ రెండు వాక్యాలను తారుమారు చేసుకుని ఆ నెలలలో ఎన్నో కుటుంబాలు అనవసరంగా భయపడ్డాయి. ఒక ఊహాజనిత వార్డును తీసుకుని కాగితం మీద వేసి చూడండి. 5,000 మంది రోగులున్నారు. వారిలో 1,000 మందికి షుగరు ఉంది, 4,000 మందికి లేదు. మొత్తం 16 మందికి ఫంగస్ వచ్చింది: షుగరు ఉన్నవారిలో 8 మందికి, లేనివారిలో 8 మందికి. జబ్బుపడిన వారిలో షుగరు ఉన్నవారు సగమే, అంటే షుగరు వలన తేడా ఏమీ లేదని పైకి అనిపిస్తుంది. కాని 1,000లో 8 అంటే 0.8 శాతం, 4,000లో 8 అంటే 0.2 శాతం. షుగరు ఉన్నవారికి ముప్పు నాలుగు రెట్లు. దీనినే రిలేటివ్ రిస్క్ అంటారు. ముప్పు నాలుగు రెట్లు అయినా, షుగరు ఉన్న 1,000 మందిలో 992 మందికి ఏమీ కాలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది. రెండూ కలిపి చెప్పేవాడే మంచి వైద్యుడు.

ఇక నిజమైన అంకె చూడండి. 2020 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు మన దేశంలోని 16 ఆసుపత్రులలో జరిగిన పరిశోధనలో, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారిలో 0.27 శాతం మందికి, అంటే 10,000 మందిలో 27 మందికి ఈ ఫంగస్ వచ్చినట్లు తేలింది. ఐసీయూలో ఉన్నవారిలో అది 1.6 శాతం, సుమారు ఆరు రెట్లు. అదే పరిశోధనలో పన్నెండు వారాలు గడిచేసరికి ఫంగస్ వచ్చినవారిలో 45.7 శాతం మంది చనిపోయారు. పైన చెప్పిన జూన్ 28 నాటి లెక్కను భాగిస్తే మాత్రం మరణాలు 7.7 శాతమే వస్తుంది. ఎందుకింత తేడా? దానికి ఒక ముఖ్య కారణం చెబుతాను. జూన్ 28 నాటికి చాలామంది ఇంకా మంచం మీదే, చికిత్సలో ఉన్నారు. కథ పూర్తికాని రోగులను భాగహారంలో కింద వేస్తే మరణాల శాతం తక్కువగా కనబడుతుంది. పేపరులో ఏ జబ్బు లెక్క చదివినా, ఎన్ని రోజులు గమనించి చెప్పిన లెక్క అని అడగడం స్టాటిస్టిక్స్ విద్యార్థి అలవాటు చేసుకోవాలి.

షుగరుకూ బూజుకూ సంబంధం ఏమిటి? రక్తంలో చక్కెర చాలా కాలం ఎక్కువగా ఉంటే, క్రిములను పట్టి మింగే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. అదుపు మరీ తప్పి రక్తం ఆమ్లగుణం పొందే స్థితిని కీటోఎసిడోసిస్ అంటారు. మామూలుగా మన రక్తంలోని ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. ఆమ్లగుణం పెరిగితే ఆ పట్టు సడలి ఇనుము బయటపడుతుంది. ఈ బూజు పెరగడానికి కావలసింది ఆ ఇనుమే. కాపలావాడు నిద్రపోయి, ఇంటి తలుపు తీసి ఉండి, వంటింట్లో భోజనం వడ్డించి ఉన్నట్లు అన్నమాట. ముక్కు, సైనస్‌లలో దిగిన బూజు రక్తనాళాల గోడలలోకి చొచ్చుకుపోతుంది. నాళంలో రక్తం గడ్డకట్టి, దాని మీద ఆధారపడిన కండ చనిపోయి నల్లబడుతుంది. నల్లగా కనబడేది ఆ చనిపోయిన కండ. బూజు నలుపు కాదు. రక్తం అందని చోటికి మందు కూడా అందదు కనుకనే యాంఫోటెరిసిన్-బి ఇంజక్షన్లతో పాటు ఆపరేషన్ చేసి చచ్చిన భాగాన్ని తీసివేయవలసి వస్తుంది. కొందరికి కన్ను పోవడానికి కారణం ఇదే.

స్టెరాయిడ్ విషయం ఇంకా జాగ్రత్తగా చదవాలి. అది రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, చక్కెరను పెంచుతుంది, అంటే రెండు వైపులా ముప్పే. అలాగని అది చెడ్డ మందా? 2020లో బ్రిటన్ ఆసుపత్రులలో జరిగిన 'రికవరీ' పరీక్షలో కొందరు కోవిడ్ రోగులకు డెక్సామెథజోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజులలో మరణాలు మందు ఇవ్వని వర్గంలో 41.4 శాతం, ఇచ్చిన వర్గంలో 29.3 శాతం. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2, 23.3. ఆక్సిజన్ అవసరం లేనివారిలో 14.0, 17.8: మేలు కనబడలేదు, కీడు జరిగే అవకాశం కొట్టివేయలేము. ఒకే మందు, ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అనేదే ప్రశ్న. 2021లో ఆక్సిజన్ అవసరం లేనివారు కూడా ఎవరో రాసిన చీటీ చూసి మందుల షాపులో కొని ఇంట్లోనే వాడారు. 16 ఆసుపత్రుల పరిశోధనలో, కోవిడ్ తరువాత కొంత ఆలస్యంగా వచ్చిన ఫంగస్‌కు స్టెరాయిడ్‌ను తగని రీతిలో వాడటంతో సంబంధం కనబడింది.

తరువాత 2021 మొదటి ఆరు నెలల రోగులపై 25 ఆసుపత్రులలో కేస్-కంట్రోల్ పరిశోధన జరిగింది. ఫంగస్ వచ్చిన 1,733 మందిని, కోవిడ్ వచ్చినా ఫంగస్ రాని 3,911 మందితో పోల్చారు. మధుమేహం, కీటోఎసిడోసిస్, స్టెరాయిడ్ మొత్తం మోతాదు, గ్రామీణ నివాసం, జింక్ మాత్రలు - వీటితో సంబంధం కనబడింది. సంబంధం కనబడినంత మాత్రాన జింక్ నేరస్థురాలు కాదు. జబ్బు ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ మాత్రలు ఇచ్చి ఉండవచ్చు. పారిశ్రామిక ఆక్సిజన్, హ్యూమిడిఫయర్ నీరు, ఆవిరి పట్టడం అంటూ అప్పట్లో టీవీలో వినబడినవి ఇంతకంటే బలహీనమైన అనుమానాలు. నా దృష్టిలో వాటికి దక్కిన ప్రచారంలో పదో వంతు గ్లూకోమీటరుకు దక్కి ఉంటే మేలు జరిగేది.

ఫంగస్ ఒక్కటే కాదు. మూత్రం గొట్టం, సెలైన్ సూది, వెంటిలేటర్ గొట్టం - చర్మం, శ్లేష్మపొర కాపాడే చోట ఇవన్నీ దారులు తెరుస్తాయి. ఎన్ని రోజులు ఉంచితే అంత ముప్పు. అందుకే "ఈ గొట్టం ఇంకా అవసరమా అండీ?" అని రోజూ డాక్టరుగారినో సిస్టరునో అడగడం మర్యాద తప్పినట్లు కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. షోలాపూర్‌లోనో బరంపురంలోనో ఆసుపత్రిలో చేరిన మన తాతయ్యకు తెలుగే సౌకర్యం. డాక్టరు మరాఠీలోనో ఒడియాలోనో అడుగుతారు. కేసు షీటు ఇంగ్లీషులో ఉంటుంది. మధ్యలో నిలబడేది ఇంట్లో చదువుకుంటున్న పిల్లలే. వారికి ముందుగానే ఒక కాగితం రాసి ఇవ్వండి: షుగరు ఎన్నేళ్ళ నుండి ఉంది, ఇన్సులినా మాత్రలా, కిడ్నీ జబ్బు ఉందా, అవయవ మార్పిడి జరిగిందా, కీళ్ళకో ఉబ్బసానికో స్టెరాయిడ్ వాడుతున్నారా. చాలా కాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి దానిని ఒక్కసారిగా ఆపవద్దు. అది ప్రాణం మీదికి తెస్తుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన షుగరు రోగికి చక్కెర పరీక్ష ఎన్నిసార్లు చేస్తారో, ఇంటికి పంపాక ఎన్ని రోజులు చేయాలో అడిగి రాసుకోండి. ముక్కు ఒకవైపే మూసుకుపోవడం, నల్లటి లేదా రక్తపు చీమిడి, ఒక చెంపలో నొప్పి, వాపు, తిమ్మిరి, పై పళ్ళు కదలడం, ఒకటి రెండుగా కనబడటం - వీటిలో ఏది కనబడినా అదే రోజు చెవి-ముక్కు-గొంతు వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. మామూలు జలుబని వారం ఆగకూడదు.

విద్యార్థులకు అభ్యాసం: ఒక ఊహాజనిత కేస్-కంట్రోల్ పరిశోధనలో 100 మంది రోగులలో 60 మందికి షుగరు ఉంది, జబ్బు లేని 200 మందిలో కూడా 60 మందికి ఉంది. ఆడ్స్ రేషియో ఎంత? రిలేటివ్ రిస్క్ ఎందుకు కట్టలేము?

జవాబు: రోగులలో 60/40 = 1.5; మిగిలినవారిలో 60/140 = 0.43. మొదటి దానిని రెండవదానితో భాగిస్తే 3.5. జబ్బు లేనివారిని ఎంతమందిని తీసుకోవాలో పరిశోధకుడే నిర్ణయించాడు కనుక, షుగరు ఉన్నవారిలో ఎంతమందికి జబ్బు వచ్చిందో ఈ పట్టిక నుండి తెలియదు. అందుచేత రిలేటివ్ రిస్క్ నేరుగా కట్టలేము. జబ్బు అరుదైనదైతే ఆడ్స్ రేషియో దానికి దగ్గరగానే ఉంటుంది.