జాలి ఒక్కటే చాలదు, లెక్క కావాలి

ప్రశ్న: డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాం. ఉగాది వేడుకలో స్టాల్ పెట్టి, గోదావరి జిల్లాలో మా ఊరి పక్కనున్న జంతు సంరక్షణ కేంద్రానికి విరాళాలు పోగుచేశాం. ఇచ్చినవాళ్లలో మాలాంటి విద్యార్థులున్నారు, ఇక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలున్నాయి, అమెరికన్లూ ఉన్నారు. డబ్బంతా ఒక మిత్రుడి ఖాతాలో ఉంది. కేంద్రం నడిపే ఆవిడ సొంత ఖాతాకు పంపేస్తే త్వరగా అందుతుంది కదా?
– ముగ్గురు విద్యార్థులు, డాలస్

జవాబు: పంపకండి. మీ మంచితనం ఆవిడ మెడకు కేసై చుట్టుకోవచ్చు. ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన దేశంలో విదేశీ విరాళాలకు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వర్తిస్తుంది. సేవా కార్యక్రమం కోసం విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. అవి లేకుండా తీసుకుంటే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. అనుమతి ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే తీసుకోవాలి. పోనీ, రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో ట్రస్టుకు పంపి అక్కడి నుంచి ఇప్పిద్దామంటే 2020 సవరణ ఆ దారీ మూసేసింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు.

మీకు తెలియాల్సిన ముఖ్యమైన తేడా ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న విద్యార్థి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ బాబాయి ఇస్తే, ఆయనకు ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. మీరు రెండింటినీ ఒకే ఖాతాలో కలిపేశారు. ముందు కూర్చుని ఎవరు ఎంత ఇచ్చారో పేరుపేరునా రాయండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల డబ్బు వాళ్లకు తిరిగిచ్చి, ఎవరి ఖాతా నుంచి వాళ్లే కేంద్రం పేరిట ఉన్న ఖాతాకు పంపమనండి. మిగతా సొమ్ము సంగతి తేల్చేముందు కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందేమో అడిగి, ఆ పత్రం నకలు తెప్పించుకోండి. లేదంటే, రిజిస్ట్రేషన్ ఉన్న వేరే కేంద్రానికి పంపడానికి దాతలు ఒప్పుకుంటారేమో కనుక్కోండి. ఒప్పుకోకపోతే ఎవరిది వాళ్లకు ఇచ్చేయండి. ఈ విరాళంతో పన్ను తగ్గుతుందని స్టాల్‌లో ఎవరికైనా చెప్పి ఉంటే ఆ మాట వెంటనే సరిదిద్దండి. అమెరికా పన్నుల శాఖ గుర్తింపు ఉన్న ధార్మిక సంస్థకు ఇస్తేనే ఆ మినహాయింపు వస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. కేంద్రంలోని కుక్కలకు ఉగాది ఒక్కరోజే ఆకలి వేయదు. ఏటా ఒకసారి పెద్ద మొత్తం పంపడం కన్నా నెలనెలా చిన్న మొత్తం పంపడమే కేంద్రానికి ఎక్కువ ఆసరా. బియ్యం, మందులు, డాక్టరు ఫీజు, పనివాళ్ల జీతం... ఇవన్నీ నెల లెక్కనే నడుస్తాయి. ఆ ఖర్చుల వివరం తెప్పించుకుని మీ దాతలందరికీ పంపండి. అడిగేవరకూ ఆగకండి. లెక్క చూపినవాళ్లకే రెండోసారి చేయి చాచే అర్హత ఉంటుంది.

ప్రశ్న: మా ఇంటర్ కాలేజీలో వీధికుక్కల టీకాలకు చందాలు పోగుచేస్తున్నాం. ‘మనుషులకే దిక్కులేదు, కుక్కలకు చందాలా?’ అని నాన్న కోప్పడుతున్నారు. ఏం చెప్పాలి?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇది మనుషుల కోసం కూడా చేస్తున్న పనేనని చెప్పమ్మా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తోంది. రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవారిలో 40 శాతం మంది పదిహేనేళ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వ్యాధి గొలుసు తెగుతుంది. టీకాతో పాటు సంతాన నియంత్రణ ఆపరేషన్ కూడా చేయిస్తే వీధిలో కుక్కల సంఖ్య క్రమంగా తగ్గుతుంది. ఆపరేషన్లు చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. చందా ఇచ్చేముందు ఆ పత్రం చూడండి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరించి ఉంటుంది, మీ వీధిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాన్నగారికి చూపించు. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలన్న సంగతి కూడా మీ కరపత్రంలో ఉండాలి. అది లేని కరపత్రం అసంపూర్ణం.

ప్రశ్న: రక్తం కారుతున్న కుక్క ఫొటో పెడితే విరాళాలు బాగా వస్తాయని సీనియర్లు అంటున్నారు. ఆ కుక్క మా కేంద్రంలోది కాదు. పెట్టవచ్చా?
– బి.టెక్. విద్యార్థి, గుంటూరు

జవాబు: వద్దు. మీ దగ్గర లేని కుక్కను చూపి డబ్బు అడగడం మోసమే.

ప్రశ్న: హైదరాబాద్ కేంద్రంలోని కుక్కపిల్లను దత్తతకు కెనడా పంపిద్దామని టొరంటోలోని మా తెలుగు విద్యార్థి సంఘం అనుకుంటోంది. సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: మీ సంఘం పేరున సాధ్యం కాదు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి వాణిజ్య కోవలో కుక్కల్ని తేవడాన్ని కెనడా 2022 సెప్టెంబరు 28న నిలిపివేసింది. ఆ జాబితాలో భారత్ ఉంది, సంస్థల ద్వారా జరిగే దత్తతలూ ఆ కోవలోకే వస్తాయి. 2022లో ఉక్రెయిన్ నుంచి మన విద్యార్థులు పెంపుడు జంతువులతో వచ్చినప్పుడు మన ప్రభుత్వం నిబంధనలు సడలించింది. అది యుద్ధ సమయపు వెసులుబాటు, దాన్ని చూపి ఆశపడకండి. విమానానికి పెట్టే డబ్బుతో ఇక్కడే ఎన్నో కుక్కలకు ఆపరేషన్లు చేయించవచ్చు.

ప్రశ్న: మేం పదో తరగతి. చేతిలో డబ్బు లేదు. మావల్ల ఏమవుతుంది?
– విద్యార్థులు, విశాఖపట్నం

జవాబు: చాలా అవుతుంది. పాత దుప్పట్లు, వార్తాపత్రికలు, గోనెసంచులు ఏ కేంద్రానికైనా పనికొస్తాయి. 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో ప్రారంభించిన బ్లూక్రాస్‌లాగే, 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ మీ ఊళ్లోనే ఉంది. ఫోన్ చేసి ఏం కావాలో అడిగాకే సేకరించండి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, ఆరోజు బడిలో మీరే మాట్లాడండి. పెద్దయ్యాక ఏ దేశం వెళ్లినా, సాయం చేసేముందు అడగడం, చేశాక లెక్క చెప్పడం మరవకండి.