కార్యసిద్ధి – నైపుణ్య సాధన
(అంతర్జాల పాత్రధారణ క్రీడలలో సమతౌల్యం: ఒక పరిశీలన)

ఉపోద్ఘాతం

కళాశాల వార్షిక సంచికలో ఆటలను గూర్చి వ్యాసం అనగానే కబడ్డీ, క్రికెట్టు, కేరమ్సు వంటివి స్ఫురించటం సహజం. కాని నేటి విద్యార్థులలో పలువురికి మైదానంతో ఉన్న పరిచయం కంటె కంప్యూటరు తెరతోనూ, చేతిలోని ఫోనుతోనూ ఉన్న పరిచయమే ఎక్కువ. ఆ ఆటలను పెద్దలు కాలహరణమని కొట్టివేస్తారు. పిల్లలు అదే లోకమని పట్టుకొంటారు. ఈ రెండు వైఖరులూ ఆటను పరిశీలించక ఏర్పడినవే. ఒక పద్యాన్ని, ఒక సిద్ధాంతాన్ని పరిశీలించినంత శ్రద్ధగా ఒక ఆటను పరిశీలిస్తే, శ్రమకూ ఫలితానికీ గల సంబంధాన్ని గూర్చి అందులో నేర్చుకొనదగినది ఉన్నదని చూపటమే మా ఉద్దేశం.

వేలమంది ఏకకాలంలో ఒకే కల్పిత లోకంలో సంచరిస్తూ ఆడే ఆటలను అంతర్జాల పాత్రధారణ క్రీడలని అనవచ్చు. ఇందులో ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు. ఆ పాత్రకు ప్రధానంగా రెండు విధాలైన పనులుంటాయి. మొదటిది క్వెస్టు. అనగా ఆది మధ్యాంతాలు గల ఒక కథాకార్యం. ఎవరినో రక్షించటం, పోయిన వస్తువును వెదకి తేవటం, ఒక రహస్యాన్ని ఛేదించటం ఇటువంటివి. రెండవది నైపుణ్య సాధన. చెట్లు కొట్టటం, చేపలు పట్టటం, లోహం కరిగించటం, కత్తి తిప్పటం వంటి పనిని మళ్లీ మళ్లీ చేసి స్థాయిని పెంచుకోవటం. దీనిని ఆటగాళ్లు గ్రైండింగ్ అంటారు. గ్రైండింగ్ అంటే విసరటం. తిరగలి ముందు కూర్చుని పిండి విసిరినట్లు, తిప్పిన చోటనే తిప్పుతూ ఉండటం.

క్వెస్టుకు అర్హత కావాలి. అర్హతకు సాధన కావాలి. సాధనకు కాలం కావాలి. విద్యార్థి వద్ద లేనిది ఆ కాలమే. కాబట్టి ఏది ముందు, ఏది వెనుక, ఎంతవరకు అన్నదే ఇక్కడి సమస్య.

ఉదాహరణగా గ్రహించిన ఆట

ఈ సమస్యను గాలిలో చర్చించటం కంటె ఒక ఆటను ఆధారంగా తీసుకోవటం మేలు. మేము గ్రహించినది రూన్‌స్కేప్. ఇంగ్లాండుకు చెందిన గోవర్ సోదరుల కృషితో 2001 జనవరి 4వ తేదీన ఇది వెలువడినది. దీని నిర్వాహక సంస్థ పేరు జాగెక్స్. కాలక్రమంలో ఆట రూపం ఎంతో మారిపోగా, పాత ఆటే కావాలని ఆటగాళ్లు కోరారు. 2007 ఆగస్టు నాటి ప్రతిని ఆధారంగా చేసుకొని 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే పేరుతో దానిని మళ్లీ విడుదల చేశారు. మా పరిశీలన ఈ రూపానికి సంబంధించినది. దీనిని ఎన్నుకొనటానికి కారణం ఒకటే. ఏ క్వెస్టుకు ఏ నైపుణ్యంలో ఎంత స్థాయి కావాలో ఇందులో అంకెలలో చెప్పబడి ఉంటుంది. కాబట్టి లెక్క వేయటం సాధ్యం.

స్థాయిల గణితం

ప్రతి నైపుణ్యంలోనూ ఆటగాడు సంపాదించే అనుభవాంకాలను బట్టి స్థాయి పెరుగుతుంది. స్థాయిలు 1 నుండి 99 వరకు. ఆయా స్థాయిలను చేరటానికి మొదటి నుండి కావలసిన మొత్తం అంకాలు ఇవి:

10వ స్థాయికి – 1,154
30వ స్థాయికి – 13,363
50వ స్థాయికి – 1,01,333
70వ స్థాయికి – 7,37,627
92వ స్థాయికి – 65,17,253
99వ స్థాయికి – 1,30,34,431

మొదటి స్థాయి నుండి రెండవ స్థాయికి చేరటానికి 83 అంకాలు చాలు. అక్కడి నుండి ఒక్కొక్క మెట్టుకు కావలసిన శ్రమ, దాని ముందు మెట్టు కంటె సుమారు పదవ వంతు ఎక్కువగా ఉంటుంది. పదవ వంతే కదా అని తోచవచ్చు. కాని ఏడు మెట్లు ఎక్కేసరికి ఆ పెరుగుదల రెట్టింపవుతుంది. వడ్డీ మీద వడ్డీ పెరిగే అప్పు వంటిదే ఇది. అందువల్లనే 92వ స్థాయి చేరినవాడు 99కి దాదాపు చేరువయ్యాడని అనుకొంటాడు గాని, నిజానికి అతడు సగం దారిలోనే ఉన్నాడు. స్థాయిని సూచించే అంకె ఒకటి చెబుతున్నది. దాని వెనుక ఉన్న శ్రమ మరొకటి చెబుతున్నది. ఈ భేదాన్ని గ్రహించటమే ఈ పాఠంలో మొదటి మెట్టు.

కార్యమే శ్రమను తగ్గించే సందర్భం

ఆటలో కొత్తగా ప్రవేశించినవాడు సాధారణంగా ఏమి చేస్తాడు? "ముందు బలం సంపాదించి, తరువాత కార్యానికి పోదాము" అనుకొని గాబ్లిన్ల వంటి చిన్న శత్రువులను కొడుతూ కూర్చుంటాడు. చిన్న గాబ్లిన్‌కు 5 ప్రాణాంకాలుంటాయి. ఒక్కొక్క ప్రాణాంకాన్ని తీసినందుకు 4 అనుభవాంకాలు లభిస్తాయి. అంటే ఒక గాబ్లిన్‌కు 20. దాడి, బలం అనే రెండు నైపుణ్యాలలో 30వ స్థాయి చేరాలంటే ఈ లెక్కన 1,300 గాబ్లిన్లకు పైగా పడగొట్టవలసి ఉంటుంది.

ఇదే ఫలితాన్ని వాటర్‌ఫాల్ క్వెస్ట్ అనే ఒక్క కార్యం ఇస్తుంది. దానికి ఏ నైపుణ్యంలోనూ అర్హత అక్కరలేదు. పూర్తి చేసినవారికి దాడిలో 13,750, బలంలో 13,750 అంకాలు లభిస్తాయి. మొదటి స్థాయిలో ఉన్నవాడు ఒక్కసారిగా 30వ స్థాయికి చేరుతాడు. అయితే ఇది ఉచితంగా వచ్చేది కాదు. జలపాతం వెనుక గుహలో తనను క్షణంలో నేలకూల్చగల రాక్షసుల నడుమ నుండి తప్పించుకొని పోవాలి. ఒక రాణి సమాధిలోనికి ఆయుధంగాని కవచంగాని లేకుండా ప్రవేశించాలి. ఇక్కడ కావలసినది భుజబలం కాదు. పుస్తకం చదివి, ఆధారాలు గ్రహించి, దారి తెలుసుకొని, ధైర్యంతో నడవటం.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. 50వ స్థాయి చేరిన తరువాత ఇదే కార్యాన్ని చేసినా అంకాలు అవే వస్తాయి. కాని అప్పుడు పెరిగేది ఒక్క స్థాయి మాత్రమే. పైగా, బలహీనుడుగా ఉన్నప్పుడు అంకాలు సంపాదించటానికి ఎక్కువ గంటలు పడతాయి. బలపడిన తరువాత తక్కువ గంటలు చాలు. కాబట్టి బహుమానం అంకెలలో మారకపోయినా, అది మిగిల్చే కాలం మారుతుంది. ఆకలి వేళ పెట్టిన అన్నానికీ, భోజనమైన తరువాత పెట్టిన అన్నానికీ గల తేడా ఇదే.

ది గ్రాండ్ ట్రీ అనే మరొక క్వెస్టు ఇంకా చక్కని ఉదాహరణ. దీనికి అజిలిటీ అనే చురుకుదనపు నైపుణ్యంలో 25వ స్థాయి కావాలి. ఆ స్థాయికి 7,842 అంకాలు అవసరం. క్వెస్టు ముగించినవారికి అదే నైపుణ్యంలో వచ్చే బహుమానం 7,900 అంకాలు. అంటే ఆటగాడు అంతవరకు పడిన శ్రమ అంతటినీ ఒక్క కార్యం తిరిగి చెల్లించి, అతనిని 31వ స్థాయిలో నిలుపుతుంది. 25 దగ్గర ఆగి కార్యానికి పోయినవాడు వివేకి. "ఇంకొంచెం చేసి పోదాము" అని 31 వరకు అక్కడే విసిరినవాడు, ఇవ్వబోయే దానిని తన చేతులతో తానే సంపాదించినవాడు.

శ్రమ లేక కార్యం సాగని సందర్భం

పై ఉదాహరణలను చూచి సాధన అనవసరమని భావించటం పొరపాటు. 2019 జూలైలో వెలువడిన సాంగ్ ఆఫ్ ది ఎల్వ్స్ అనే క్వెస్టును చూడండి. చురుకుదనం, గృహనిర్మాణం, వ్యవసాయం, మూలికావైద్యం, వేట, గనుల పని, కమ్మరం, చెట్లు కొట్టటం అనే ఎనిమిది నైపుణ్యాలలోనూ 70వ స్థాయి ఉంటేగాని ఇది సాధ్యం కాదు. వీటిని కథాకార్యాల బహుమానాలతోనే నింపటం కుదరదు. ఇక్కడ తిరగలి ముందు కూర్చొనవలసిందే.

2006లో నూరవ క్వెస్టుగా వచ్చిన రెసిపీ ఫర్ డిజాస్టర్ మరొక విధమైన పరీక్ష. దాని చివరి ఘట్టానికి 175 క్వెస్టు పాయింట్లు కావాలి. అంటే అంతకు ముందు ఎన్నో ఇతర క్వెస్టులు ముగించి ఉండాలి. వంటలో 70వ స్థాయి కూడా కావాలి. ఒక నైపుణ్యంలో ఎంత ఎత్తుకు ఎదిగినా ఇక్కడ లాభం లేదు. అన్నింటిలోనూ కొంత చొప్పున నడిచినవాడే గమ్యం చేరుతాడు.

ఈ రెండింటిని బట్టి ఒక సూత్రం ఏర్పడుతున్నది. ముందు గమ్యమైన కార్యాన్ని ఎన్నుకోవాలి. దాని అర్హతలను కాగితం మీద వ్రాసుకోవాలి. ఆ అర్హతలలో ఏవి చిన్న కార్యాల బహుమానాలతో తీరుతాయో చూచి వాటిని ముందు చేయాలి. మిగిలిన దానికే సాధన చేయాలి. అర్హత చేరిన రోజున సాధన ఆపి కార్యంలోకి దిగాలి.

మేము చేసిన పొరపాటు

ఈ సూత్రం మేము పుస్తకంలో చదివి తెలుసుకొన్నది కాదు, నష్టపోయి తెలుసుకొన్నది. డ్రేనార్ అనే గ్రామంలో నీటి ఒడ్డున విల్లో చెట్లుంటాయి. వాటిని కొట్టటానికి ఆలోచన అక్కరలేదు. ఒక చేత్తో పుస్తకం పట్టుకొని మరొక చేత్తో కొట్టవచ్చునని మొదలుపెట్టాము. కొన్నాళ్లకు పుస్తకం మూతపడింది; చెట్టు మాత్రం మిగిలింది. క్వెస్టుకు కావలసిన 70వ స్థాయి ఎప్పుడు దాటిపోయిందో కూడా గమనించలేదు. ఒక టర్ము రాత్రులన్నీ అక్కడే గడిచాయి. 92వ స్థాయి చేరిన రాత్రి "ఇంక ఏడే" అని సంతోషించాము.

మరునాడు లెక్క వేశాము. ఒక విల్లో దుంగకు 67.5 అంకాలు. ఆ ఏడు స్థాయిలకు ఇంకా కావలసినవి 96 వేలకు పైగా దుంగలు! అంతకంటె సిగ్గుపరచినది మరొక లెక్క. సాంగ్ ఆఫ్ ది ఎల్వ్స్‌కు అవసరమైన ఎనిమిది నైపుణ్యాలలోనూ 70వ స్థాయి చేరటానికి కావలసిన మొత్తం 59,01,016 అంకాలు. మేము ఒక్క చెట్లు కొట్టటంలోనే 65 లక్షలు దాటాము. ఎనిమిది ద్వారాలు తెరవగల అంకాలను ఒక్క ద్వారం ముందే కుమ్మరించాము. ఆ టర్ము పరీక్షలలో మా మార్కులు కూడా అదే కథ చెప్పాయి. నచ్చిన మొదటి యూనిటును పదిసార్లు చదివి, మిగిలిన నాలుగింటిని ముట్టుకోలేదు.

అడ్డదారులు

విసుగు పుట్టినప్పుడు అడ్డదారి కనిపిస్తుంది. మనిషికి బదులు తానే చెట్లు కొట్టే ప్రోగ్రాములున్నాయి. వాటిని బాట్లు అంటారు. నిజమైన డబ్బు తీసుకొని ఆటలోని బంగారాన్ని అమ్మేవారూ ఉన్నారు. రెండూ ఆట నియమాలకు విరుద్ధమే. పట్టుబడితే ఖాతా పోతుంది. అయితే ఇక్కడ నీతితో పాటు తర్కం కూడా ఉన్నది. తాను లేకుండా తన ఆట సాగాలని కోరుకొనేవాడు, ఆ పని చేయదగినది కాదని తానే ఒప్పుకొంటున్నాడు. అటువంటప్పుడు యంత్రాన్ని పెట్టటం కంటె ఆ పనిని మానటమే ఉచితం.

ఇక పని మానలేకపోవటం వేరొక సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆట వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. ఆట మీద అదుపు తప్పటం, ఇతర పనులన్నిటి కంటె ఆటకే ప్రాధాన్యం పెరగటం, హాని జరుగుతున్నా మానలేకపోవటం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి 12 మాసాలు కనిపించినప్పుడే రుగ్మతగా నిర్ణయిస్తారు. ఆడే ప్రతివాడూ రోగి కాడు. కాని ఆ మూడు లక్షణాలతో తన్ను తాను పరీక్షించుకొనటం ప్రతివానికీ మంచిది.

ఆటకూ చదువుకూ గల భేదం

ఆట నేర్పిన సూత్రాన్ని చదువుకు అన్వయించేటప్పుడు మూడు భేదాలను మరువరాదు.

మొదటిది: ఆటలో అర్హత ముందే తెలుస్తుంది. జీవితంలో ఏ ద్వారానికి ఎంత నైపుణ్యం కావాలో ఎవరూ వ్రాసి పెట్టరు. కాబట్టి అక్కడ అర్హతకు సరిపడా మాత్రమే నేర్చి ఆగటం ప్రమాదం; కొంత నిల్వ ఉండాలి.

రెండవది: ఆటలో సంపాదించిన స్థాయి తరుగదు. ఏడాది తరువాత తిరిగి వచ్చినా 70 డెబ్బయిగానే ఉంటుంది. గణితంగాని, భాషగాని, చేతివ్రాతగాని అట్లా కాదు. వాడని కత్తి తుప్పు పడుతుంది.

మూడవది, ముఖ్యమైనది: ఆటలో మొదటి దుంగకూ లక్షవ దుంగకూ తేడా లేదు. ఉర్దూలో మష్క్, రియాజ్ అనే మాటలున్నాయి. తెలుగులో సాధన అంటాము. అందమైన దస్తూరీ కోసం అలిఫ్, బే అక్షరాలను వందలసార్లు దిద్దే విద్యార్థి ప్రతిసారీ కిందటి అక్షరాన్ని చూచుకొని దిద్దుతాడు. సంగీత విద్యార్థి సరళీ స్వరాలను పాడినా అంతే. చేసిన దానిని సరిదిద్దుకొంటూ చేసేది సాధన. చేసిన దానినే చేసేది విసరటం. ఒకే పాఠాన్ని అర్థం చూడక పదిసార్లు వల్లించినప్పుడు మనం చదువులో కూడా విసురుతున్నామే గాని సాధన చేయటం లేదు.

ఉపసంహారం

కార్యం లేని సాధన గమ్యం లేని నడక. సాధన లేని కార్యం నిచ్చెన లేని మేడ. ఈ రెండింటి పొందికయే సమతౌల్యం. విద్యార్థి మిత్రులు ఆటకు కూర్చున్నప్పుడు గాని, చదువుకు కూర్చున్నప్పుడు గాని మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి. ఈ శ్రమ ఏ కార్యం కోసం? ఎంతవరకు చాలు? అది చేరిన తరువాత కూడా ఇక్కడే ఎందుకున్నాను?

కళాశాల సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. పిల్లవాడు ఆడుతున్నాడని తెలిసినప్పుడు నిషేధించటానికి ముందు పై మూడు ప్రశ్నలనే అతనిని అడగండి. జవాబు చెప్పగలిగినవాడు ఆట నుండి కూడా కొంత నేర్చుకొంటున్నాడు. చెప్పలేనివానికి కావలసినది తిట్లు కాదు. లెక్క వేసి చూపే ఒక స్నేహితుడు. ఆ విల్లో చెట్టు కింద మాకు కరవైనది ఆ స్నేహితుడే.